కంపెనీలో చేరే ముందు కాగితం అడగండి: శిక్షణ, అప్రెంటిస్‌షిప్‌లపై మీ ప్రశ్నలు

పదో తరగతి, ఐటీఐ ఫలితాలు వచ్చాక ఈ పేజీకి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: మా వాడికి పని నేర్పించాలి, ఎవరిని అడగాలి? ఈసారీ అంతే. పథకాలు లేక కాదు, చాలానే ఉన్నాయి. ఏ ఆఫీసుకు వెళ్లాలో, అక్కడ ఏం అడగాలో చెప్పేవాళ్లు లేకనే పిల్లలు ఏడాదికేడాది ఇంట్లో కూర్చుంటున్నారు, లేదంటే ఎవరో చెప్పిన కన్సల్టెన్సీకి అప్పు చేసి డబ్బు కడుతున్నారు. అందుకని ఈసారి పేజీ మొత్తం దీనికే.

మా అబ్బాయి రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ఐటీఐ పాసయ్యాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు ట్రైనీగా తీసుకుంటామన్నారు, నెలకు 9,000 ఇస్తారట. కాగితం ఏదైనా ఇవ్వండి అంటే "ఆర్నెల్లు చేయనివ్వండమ్మా, తర్వాత చూద్దాం" అంటున్నారు. అప్రెంటిస్‌గా చేరితే అంతకంటే తక్కువ వస్తుందని ఐటీఐలో చెప్పారు. దేనికి పంపమంటారు? (ఒక తల్లి, జనగామ)

అమ్మా, వెయ్యి రూపాయలు తక్కువైనా సరే, అప్రెంటిస్‌గానే పంపమంటాను. ఎందుకో చెబుతాను.

"ట్రైనీ" అని నోటిమాటగా పెట్టుకుంటే మీ అబ్బాయికి చట్టంలో ఏ గుర్తింపూ ఉండదు. నేర్పాలనే బాధ్యత కంపెనీకి లేదు, ఇవాళ ప్యానెల్ బోర్డు దగ్గర నిలబెడతారు, రేపు లోడింగ్‌కు పంపుతారు, ఏడాది తర్వాత బయటికొస్తే ఆ ఏడాది ఏం చేశాడో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అప్రెంటిస్ అంటే అలా కాదు. 1961 అప్రెంటిస్‌షిప్ చట్టం కింద మీ అబ్బాయికీ కంపెనీకీ మధ్య ఒప్పందం రాసుకుని, దాన్ని ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయాలి. ఆ ఒప్పందం మీద రిజిస్ట్రేషన్ నంబరు, ట్రేడ్ పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, నెలకు ఎంత స్టైపెండ్ అనేవి ఉంటాయి. అబ్బాయికి 18 నిండకపోతే మీరో, వాళ్ల నాన్నగారో సంతకం పెట్టాలి. ఐటీఐ పాసైనవాళ్లకు సాధారణంగా ఇది ఏడాది. చివర్లో అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. ఐటీఐ సర్టిఫికెట్‌తో పాటు ఇది కూడా ఉన్న కుర్రాడికీ, ఐటీఐ మాత్రమే ఉన్న కుర్రాడికీ ఉద్యోగ నోటిఫికేషన్లలో తేడా ఎంతుంటుందో చదివితే మీకే తెలుస్తుంది.

డబ్బు సంగతి. 2019లో సవరించిన నియమాల ప్రకారం కనీస స్టైపెండ్ చదువును బట్టి 5,000 నుంచి 9,000 వరకు ఉంది. ఐటీఐ వాళ్లకు 7,000 అని ఉంటుంది గానీ చాలా ప్రభుత్వ రంగ సంస్థల నోటిఫికేషన్లలో ఏడాది ఐటీఐకి 7,700, రెండేళ్ల ఐటీఐకి 8,050 అని కనిపిస్తుంది. ఐటీఐలో చదివిన ఏడాదుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి అలా వస్తుంది. దీన్ని 6,800 నుంచి 12,300 వరకు పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది, కాబట్టి చేరే రోజు పోర్టల్‌లో ఉన్న అంకె చూసుకోండి. ఇది కనీసం మాత్రమే, కంపెనీ ఎక్కువ ఇస్తానంటే ఎవరూ కాదనరు.

అందుకే ఆ కంపెనీని వదిలేయమని నేను చెప్పడం లేదు. ముందు వాళ్లనే అడగండి: "మా వాడిని ట్రైనీగా కాకుండా అప్రెంటిస్‌గా రిజిస్టర్ చేస్తారా?" అని. 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి, అది వాళ్ల ఇష్టాయిష్టాల మీద ఆధారపడింది కాదు. పైగా స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రమే అబ్బాయి ఖాతాలో నేరుగా వేస్తుంది. 9,000 ఇవ్వడానికి సిద్ధపడిన కంపెనీ రిజిస్ట్రేషన్‌కు ఎందుకు వెనకాడుతుందో ఆలోచించండి. ఒప్పుకుంటే సంతోషం. "అవన్నీ కుదరవు" అంటే ఆ మాటతోనే మీకు జవాబు దొరికినట్టు.

వాళ్లు కాదంటే ఇంకా దారులున్నాయి. ప్రభుత్వ ఐటీఐల్లో సాధారణంగా నెలలో రెండో సోమవారం అప్రెంటిస్‌షిప్ మేళా పెడతారు, మీ జిల్లాలో ఎక్కడో ఐటీఐ ప్రిన్సిపాల్ గారిని అడిగితే చెబుతారు. దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ నుంచి ఇచ్చే నోటిఫికేషన్ మాత్రం అస్సలు వదలొద్దు. రాత పరీక్ష ఉండదు, పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు కలిపి మెరిట్ తీస్తారు. వయసు 15 నుంచి 24, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు సడలింపు ఉంటుంది. రైల్వేలో అప్రెంటిస్ పూర్తి చేసినవాళ్లకు లెవెల్-1 (పాత గ్రూప్-డి) ఉద్యోగాల భర్తీలో 20 శాతం కోటా ఉంది. లాలాగూడ, గుంటుపల్లి, తిరుపతి వర్క్‌షాపుల్లో నేర్చుకున్నవాళ్లు ఇలాగే ఎందరో లోపలికి వెళ్లారు. ఈసీఐఎల్, బీడీఎల్, బీహెచ్ఈఎల్, సింగరేణి, రెండు ఆర్టీసీలు కూడా పిలుస్తుంటాయి.

ఒక్క విషయం మాత్రం అబ్బాయికి ముందే చెప్పండి. అప్రెంటిస్‌షిప్ అయ్యాక అదే కంపెనీ ఉద్యోగం ఇవ్వాలని చట్టంలో లేదు. ఈ సంగతి తెలియక చేరి, ఏడాది తర్వాత మోసపోయామని బాధపడే పిల్లలు చాలామంది.

పదో తరగతి పాసయ్యాను, ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. నాకు 19 ఏళ్లు. టైలరింగ్ నేర్చుకుని ఇంటి దగ్గరే షాపు పెట్టుకోవాలని ఉంది. ఇక్కడ నేర్పేవాళ్లు ఆరు నెలలకు 15,000 అడుగుతున్నారు. నాన్న దూరం పంపరు. (నర్సీపట్నం)

చెల్లీ, ఆ 15,000 కట్టకు. ఆ డబ్బుతో కుట్టు మిషన్ వస్తుంది.

దాదాపు ప్రతి జిల్లాలో ఒక బ్యాంకు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ ఉంటుంది. అందరూ ఆర్‌సెటీ అంటారు. 1982లో కర్ణాటకలో ధర్మస్థల దగ్గర ఉజిరెలో మొదలైన పద్ధతి ఇది, తర్వాత దేశమంతా తెచ్చారు. శిక్షణ, భోజనం, వసతి అన్నీ ఉచితం. మహిళల టైలరింగ్, బ్యూటీషియన్, హౌస్ వైరింగ్, సెల్‌ఫోన్ రిపేరు, మోటారు రీవైండింగ్, పాడి లాంటివి నేర్పుతారు. టైలరింగ్ దాదాపు నెల రోజులు. ఆడపిల్లల బ్యాచ్ విడిగా ఉంటుంది, హాస్టల్ ఆ ఆవరణలోనే ఉంటుంది. నాన్నను ఒకసారి వెంటబెట్టుకుని వెళ్లి చూపించు, క్లాసు గది, పడుకునే గది, వంట చేసే చోటు అన్నీ చూస్తే ఆయన టెన్షన్ సగం తగ్గుతుంది. మీ అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే మండలంలో వెలుగు ఆఫీసులో పేరు ఇవ్వడం ఇంకా సులువు. లేకపోతే మీ బ్యాంకు మేనేజర్‌నో, జిల్లాలో బ్యాంకులన్నిటినీ సమన్వయం చేసే లీడ్ బ్యాంకు ఆఫీసునో అడుగు.

మరి నెల రోజుల్లో టైలర్ అయిపోతావా? కావు. నెలలో మిషన్ మీద చేయి కుదురుతుంది, కొలతలు తీయడం, లంగా, పంజాబీ డ్రెస్, మామూలు జాకెట్ కట్ చేయడం వస్తాయి. కానీ కస్టమర్ తెచ్చిన 2,000 రూపాయల పట్టు బట్ట మీద కత్తెర పెట్టే ధైర్యం నెలలో రాదు. చంక దగ్గర ముడత పడకుండా చేయి ఎక్కించడం, క్రాస్ కటింగ్‌లో బట్ట సాగకుండా చూసుకోవడం, కటోరీ జాకెట్‌కు డాట్ సరిగ్గా కూర్చోబెట్టడం, ఇవన్నీ పాత చీరల మీద, అమ్మ జాకెట్ల మీద, చుట్టాల జాకెట్ల మీద కుట్టి కుట్టి వచ్చేవే. అందుకే శిక్షణ అయ్యాక నాలుగైదు నెలలు మీ ఊళ్లో మంచి పేరున్న టైలరమ్మ దగ్గర కూర్చో, మొదట్లో ఫాల్, పికో, హెమ్మింగ్ ఇస్తుంది, అదే చాలు, ఆమె కత్తెర ఎలా పెడుతుందో చూస్తూ ఉండు.

ఆర్‌సెటీలో నాకు నచ్చేది శిక్షణ అయ్యాక వదిలేయకపోవడం. రెండేళ్ల పాటు ఫోన్ చేసి, ఇంటికి వచ్చి, షాపు పెట్టావా, లోన్ వచ్చిందా అని కనుక్కోవడం వాళ్ల పనిలో భాగం. లోన్ కాగితాలు వాళ్లే బ్యాంకుకు పంపుతారు. కేంద్రం ముద్ర రుణ పథకంలో శిశు అనే విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, మిషన్‌కు, ఓవర్‌లాక్‌కు అది సరిపోతుంది. బ్యాంకులో ఎవరైనా ముఖం చిట్లిస్తే ఆర్‌సెటీ డైరెక్టర్ గారికి ఫోన్ చెయ్యి, ఆయన కూడా ఆ బ్యాంకు మనిషే.

విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ లాంటి చోట్ల ఉంటున్న పాఠకులకు జన శిక్షణ్ సంస్థాన్‌లు ఉన్నాయి, చదువు మధ్యలో ఆపేసిన 15 నుంచి 45 ఏళ్ల వాళ్లకు. అక్కడ రోజూ వెళ్లి రావచ్చు. ఇంట్లో కూర్చుని చేసే పని వద్దు, నెల జీతం కావాలనుకునే పల్లెటూరి పిల్లలకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది, 15 నుంచి 35 ఏళ్ల పేద కుటుంబాల వాళ్లకు ఉచితం. చేరే ముందు మాత్రం పాత బ్యాచ్ పిల్లల్లో ఇద్దరి ఫోన్ నంబర్లు అడగండి. ఉద్యోగం ఏ ఊళ్లో ఇచ్చారు, చేతికి ఎంత వచ్చింది, హాస్టల్ ఖర్చు పోను ఎంత మిగిలింది, ఎన్ని నెలలు ఉన్నారు అనేది వాళ్లే చెప్పగలరు.

విజయవాడ ఆటోనగర్‌లో నాది లేత్ వర్క్స్, 11 మంది పనిచేస్తారు. కుర్రాళ్లు దొరకడం లేదు. దొరికిన నలుగురిని అప్రెంటిస్‌లుగా పెట్టుకుంటే ప్రభుత్వం ఏమైనా ఇస్తుందా? చిన్న షాపులకు కుదరదని ఒకరు అన్నారు.

కుదురుతుంది అన్నా. నలుగురి నుంచి 29 మంది వరకు సిబ్బంది ఉన్న సంస్థలు ఇష్టమైతే తీసుకోవచ్చు, మీరు ఆ లెక్కలోకి వస్తారు. కానీ గరిష్ఠం 15 శాతమే, అంటే మీ 11 మందికి ఒకరిద్దరు. నలుగురినీ అప్రెంటిస్‌లుగా చూపించడం కుదరదు. ఈ పరిమితి పెట్టింది జీతాలు ఎగ్గొట్టడానికి షాపు మొత్తాన్ని అప్రెంటిస్‌లతో నింపకుండా ఉండటానికి, అది సబబే.

పోర్టల్‌లో షాపు రిజిస్టర్ చేయించి, ఖాళీ పెట్టి, కుర్రాడి దరఖాస్తు వచ్చాక ఒప్పందం చేసుకోవాలి. ఐటీఐలో టర్నర్ కానీ మెషినిస్ట్ కానీ పాసైన కుర్రాడిని తీసుకుంటే మీకు తేలిక, ఎందుకంటే నేరుగా స్కూలు నుంచి వచ్చిన వాడికైతే ముందు బేసిక్ ట్రైనింగ్ ఇప్పించాలి, ఐటీఐ వాడికి అది అక్కర్లేదు. స్టైపెండ్ మీద పీఎఫ్, ఈఎస్ఐ కట్టనక్కర్లేదు. ప్రభుత్వ వాటా అతని ఖాతాకే వెళుతుంది కాబట్టి మీరు ఇవ్వాల్సింది అది పోను మిగిలినది, బ్యాంకు ద్వారా నెలనెలా. అతని ఖాతాకు ఆధార్ సీడింగ్ (ఆధార్ లింకు) ఉందో లేదో మొదటి రోజే చూసుకోండి, అది లేకే చాలామందికి ఆ డబ్బు ఆగిపోతుంది.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆటోనగర్‌లో పని నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా బతుకుతారనే పేరుంది. ఆ పేరు మీలాంటి మేస్త్రీలు తెచ్చిందే. కానీ ఇప్పటి కుర్రాడు రెండేళ్ల పాటు టీలు తెచ్చి, ఊడ్చి, మూడో ఏడు లేత్ ముట్టుకునే పద్ధతికి ఒప్పుకోడు, వాడి ఫ్రెండ్ డెలివరీ బండి మీద మొదటి నెల నుంచే సంపాదిస్తున్నాడు. మొదటి వారంలోనే వెర్నియర్ చేతికిచ్చి కొలవడం నేర్పండి, మొదటి నెలలో పాత షాఫ్ట్ ముక్క మీద ఫేసింగ్ చేయనివ్వండి. వాడు ఉంటాడు.

నాకు 42 ఏళ్లు. 20 ఏళ్లకు పైగా తాపీ పని చేస్తున్నాను, చదివింది ఏడో తరగతి. పెద్ద కాంట్రాక్టర్ల దగ్గరికి వెళితే సర్టిఫికెట్ ఉందా అంటున్నారు. ఈ వయసులో నేను ఎక్కడికి పోయి చదవాలి? (నంద్యాల)

అన్నా, చదవాల్సిన పనిలేదు. వచ్చిన పనికి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వేరే ఉంది, దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. మీకు గోడ కట్టడం, ప్లాస్టరింగ్ వచ్చని ఒక అసెసర్ మీ పని చూసి పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. ముందు కొద్దిగా శిక్షణ ఉంటుంది, అందులో ప్లాన్ చదవడం, సేఫ్టీ లాంటివి చెబుతారు. ఆ ప్లాన్ చదవడం మాత్రం శ్రద్ధగా నేర్చుకోండి, మేస్త్రి కూలీకీ సైట్ సూపర్‌వైజర్ జీతానికీ మధ్య తేడా చాలావరకు అక్కడే ఉంది. కట్టడం పనుల్లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ మనకు దగ్గరిది. 1998లో హైదరాబాద్‌లో మొదలైంది, రాష్ట్రం విడిపోయాక ఆంధ్రలోనూ విడిగా ఉంది, జిల్లాల్లో శిక్షణ కేంద్రాలు నడుపుతారు.

రెండోది పీఎం విశ్వకర్మ, 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 చేతి వృత్తుల్లో తాపీ పని ఉంది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, కంసాలి, మంగలి, చాకలి, దర్జీ, చెప్పులు కుట్టేవారు, బుట్టలు అల్లేవారు, వలలు అల్లేవారు కూడా ఉన్నారు, మీ చుట్టాల్లో ఎవరైనా ఉంటే చెప్పండి. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15,000 విలువైన ఈ-వోచర్. ఆపైన తాకట్టు లేకుండా ముందు లక్ష, అది 18 నెలల్లో తీర్చాక రెండు లక్షలు, వడ్డీ 5 శాతం. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. కుటుంబమంటే భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు. సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో నమోదు ఉచితం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఆధార్‌కు లింకైన ఫోన్ తీసుకెళ్లండి, వేలిముద్ర వేస్తారు. తర్వాత పంచాయతీ స్థాయిలో ఒకసారి, జిల్లా స్థాయిలో ఒకసారి పరిశీలిస్తారు. మధ్యలో ఎవరైనా వెయ్యి ఇవ్వు, రెండు వేలు ఇవ్వు అంటే ఇవ్వొద్దు.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ చెప్పాలి. భవన నిర్మాణ కార్మికుడిగా కార్మిక శాఖలో మీ పేరు నమోదైందా? 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి గడిచిన ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉంటే చాలు. మీరు కట్టిన ప్రతి పెద్ద బిల్డింగ్ మీదా వసూలు చేసే సెస్సు మీ కోసమే పెట్టిన నిధికి వెళుతుంది. 20 ఏళ్లు చెమటోడ్చి ఆ నిధిలో మీ పేరు లేకపోవడం న్యాయం కాదు.

బీకాం కంప్యూటర్స్ పాసయ్యాను. ప్రభుత్వ రంగ సంస్థలో అప్రెంటిస్ ఇప్పిస్తానని ఒకతను 25,000 అడుగుతున్నాడు, సగం ముందు, సగం చేరాక. నిజమేనా? (కరీంనగర్)

కాదు. ఇవ్వకండి. అప్రెంటిస్‌షిప్ అమ్మేది కాదు, నోటిఫికేషన్‌లో రాసిన దరఖాస్తు ఫీజు (రైల్వే లాంటి చోట 100 రూపాయలు) తప్ప ఎవరూ డబ్బు తీసుకోరు.

డిగ్రీ, డిప్లొమా వాళ్లకు నాట్స్ అనే పోర్టల్ విడిగా ఉంది, కేంద్ర విద్యాశాఖది. మన రెండు రాష్ట్రాల వ్యవహారాలు చెన్నైలోని బోర్డు ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ చూస్తుంది. బీకాం, బీఏ, బీఎస్సీ వాళ్లు కూడా అర్హులే, ఇంజినీర్లకు మాత్రమే అనుకుని చాలామంది అటు చూడరు. మీ పేరు మీరే నమోదు చేసుకోండి, ఎన్‌రోల్‌మెంట్ నంబరు వస్తుంది, కంపెనీలు దాన్నే అడుగుతాయి. డిగ్రీ పాసైన ఏడాది ముఖ్యం, చాలా నోటిఫికేషన్లలో గత మూడు నాలుగేళ్లలో పాసైనవాళ్లనే తీసుకుంటారు, అందుకని వాయిదా వేయకండి. బ్యాంకులు కూడా ఇప్పుడు వందల్లో అప్రెంటిస్‌లను తీసుకుంటున్నాయి, వాటిలో స్థానిక భాష చదవడం, రాయడం వచ్చా అని పరీక్షిస్తారు. పదో తరగతిలో తెలుగు చదివినట్టు మార్కుల జాబితా ఉంటే చాలా చోట్ల అదే సరిపోతుంది.

మా తమ్ముడు వెల్డర్. ఒక ఏజెంటు గల్ఫ్‌కు లక్షా ఇరవై వేలు అంటున్నాడు. ఇంకొక కన్సల్టెన్సీ జర్మనీలో పని నేర్పుతూ జీతం ఇస్తారని నాలుగు లక్షలు అడుగుతోంది. ఏది నమ్మాలి? (జగిత్యాల)

ముందు గల్ఫ్ సంగతి. విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగే సర్వీస్ చార్జి 30,000, దాని మీద జీఎస్టీ. అంతే. లక్షా ఇరవై అంటున్నాడంటే ఆ శాఖ ఈమైగ్రేట్ సైట్‌లో అతని పేరు, లైసెన్సు ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. సబ్ ఏజెంట్ అనేవాడికి చట్టంలో చోటే లేదు. విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే అస్సలు ఒప్పుకోవద్దు, మీ జిల్లా వాళ్లకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వానిదే టామ్‌కామ్ అని రిక్రూటింగ్ సంస్థ ఉంది, హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో. ఆంధ్రవాళ్లకు అలాంటిదే ఓంక్యాప్. తమ్ముడి వెల్డింగ్ సర్టిఫికెట్లు అక్కడ ముందు నమోదు చేయించండి.

జర్మనీ విషయం అబద్ధం కాదు. ఆస్‌బిల్డుంగ్ అంటారు, వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు వృత్తి పాఠశాల, సాధారణంగా రెండు నుంచి మూడున్నరేళ్లు, నెలనెలా కంపెనీయే డబ్బు ఇస్తుంది. ఇలాంటి శిక్షణకు ప్రభుత్వ వృత్తి పాఠశాలల్లో ఫీజు ఉండదు. మరి నాలుగు లక్షలు దేనికి? కాగితం మీద రాసివ్వమనండి. అసలు కష్టం భాష. భాష పరీక్షలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని మెట్లుగా ఉంటాయి, జర్మన్ కనీసం బీ1 స్థాయి రావాలి, చాలా కంపెనీలు బీ2 అడుగుతాయి, ఏమీ రానివాడికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. క్లాసులన్నీ జర్మన్‌లోనే, చివరి పరీక్ష కూడా. తమ్ముడు ముందు ఇక్కడే ఉండి ఏ1, ఏ2 పూర్తి చేయనివ్వండి, అది ఇష్టంగా చేశాడంటే అప్పుడు మిగతా ఖర్చు ఆలోచించవచ్చు. ఆర్నెల్లలో జర్మన్ మొత్తం నేర్పి విమానం ఎక్కిస్తామనే వాళ్లకు అడ్వాన్సు ఇవ్వొద్దు.

ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉండగా ప్రెస్ మిషన్‌లో నా రెండు వేళ్లు తెగాయి. ఆస్పత్రి ఖర్చు కొంత పెట్టారు. నువ్వు వర్కర్‌వి కాదు, నష్టపరిహారం రాదు అంటున్నారు. (మహబూబ్‌నగర్ జిల్లా)

తమ్ముడూ, చదువుతుంటేనే బాధేసింది. వాళ్లు చెప్పింది తప్పు. అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణలో ఉన్నవాడు, అంతవరకు నిజమే, కానీ ప్రమాదం దగ్గర ఆ మాట చెల్లదు. అప్రెంటిస్‌షిప్ చట్టం 16వ సెక్షన్ ప్రకారం శిక్షణలో ఉండగా గాయపడితే కార్మికుడికి ఇచ్చినట్టే యజమాని పరిహారం చెల్లించాలి. ఫ్యాక్టరీలో ఆరోగ్యం, భద్రత నిబంధనలు కూడా నీకు వర్తిస్తాయి. నీకు ఈఎస్ఐ లేదు కాబట్టి ఈ భారం పూర్తిగా వాళ్లదే.

ఒప్పందం కాపీ, ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, స్టైపెండ్ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ రోజు పక్కన ఉన్నవాళ్ల పేర్లు సిద్ధం చేసుకో. ముందు ఫ్యాక్టరీకి రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకో, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపు. తర్వాత కార్మిక శాఖలో పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర దరఖాస్తు, ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు. మరో కాపీ ప్రభుత్వ ఐటీఐ ప్రిన్సిపాల్‌కు ఇచ్చి అప్రెంటిస్‌షిప్ సలహాదారు అధికారికి పంపమని అడుగు. లాయరు ఖర్చుకు భయపడకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. "ఏమీ బాకీ లేదు" అని రాసిన కాగితం మీద మాత్రం ఎవరు బతిమాలినా సంతకం చేయొద్దు.

మా అన్నకు చిన్నప్పుడే పోలియో, ఒక కాలు పనిచేయదు. 27 ఏళ్లు, ఇంటర్ పాసయ్యాడు. ఐటీఐకి వెళితే వయసు అయిపోయింది అనుకుంటున్నాడు. (హనుమకొండ)

అయిపోలేదమ్మా. ఐటీఐలో చేరడానికి గరిష్ఠ వయసు అడ్డం కాదు, దివ్యాంగులకు సీట్లలో రిజర్వేషన్ కూడా ఉంది. రైల్వే అప్రెంటిస్‌లో గరిష్ఠ వయసు మీద పదేళ్ల సడలింపు ఇస్తారు. ఐటీఐ కంటే ముందు హైదరాబాద్ విద్యానగర్‌లో దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్‌కు ఒకసారి తీసుకెళ్లండి, పాతవాళ్లు వీఆర్‌సీ అని పిలిచేది అదే. అక్కడ కూర్చుని చేసే పనుల్లో అన్న చేయి దేనికి బాగా తిరుగుతుందో ముందు పరీక్షించి చూస్తారు, ఆ తర్వాతే దేంట్లో శిక్షణ అనేది చెబుతారు, ఏదీ డబ్బు తీసుకుని చేసేది కాదు. వెళ్లే రోజు సదరం (వైకల్య) సర్టిఫికెట్ లేదా యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు, ఆధార్, ఇంటర్ మెమో, ఫొటోలు పట్టుకెళ్లండి. ఆ రెండూ లేకపోతే యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకుని ముందు ఆ పని పూర్తి చేయండి, అది లేకుండా మిగతావేవీ కదలవు.